తడబడే అడుగును చూచిన వైద్యుడు

మాఘమాసం వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి పల్లెల్లో మిరప కల్లాలు ఎర్రబారుతాయి. ఒక వంక పత్తి తీతలు సాగుతూనే ఉంటాయి. ఊరంతా పనిలో మునిగిన ఆ వేళ, ఏ ఇంటి అరుగు మీదనో ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఒడిలో పెట్టుకున్న చేతి బొటనవ్రేలు చూపుడువ్రేలిని రాసుకుంటూ, కనబడని మాత్ర నేదో నలుపుతున్నట్టు కదులుతూ ఉంటుంది. లేవబోతే ఒక పట్టాన లేవలేడు. లేచినా మొదటి అడుగు పడదు. పడిన తరువాత ఆగదు. నడుము ముందుకు వంగి, చిన్న చిన్న అడుగులతో, తనను తానే తరుముకుంటున్నట్టు పోయి గోడ పట్టుకుంటాడు. ఇంటివారు దానిని ముసలితనమంటారు. ఇరుగుపొరుగువారు వాతమంటారు. అంతటితో ఆ మాట ముగిసిపోతుంది.

ఇప్పటికి రెండువందల యేండ్లకు పైబడి, లండను నగరంలో ఒక సామాన్య వైద్యుడు ఇటువంటి నడకనే వీధిలో చూచాడు. చూచి, అందరివలె ప్రక్కకు తప్పుకొని పోలేదు. ఆగాడు. దగ్గరకు వెళ్ళి పలకరించాడు. తాను చూచినది చూచినట్టు వ్రాసిపెట్టాడు. ఆయన పేరు జేమ్స్ పార్కిన్‌సన్. ఈనాడు ఆ పేరు మన ఊళ్ళలో కూడా వినబడుతున్నది. కాని రోగం పేరుగా తప్ప మనిషి పేరుగా వినబడటం లేదు. ఒక మహనీయుడి పేరు ఒక బాధకు పేరై మిగలటం విచిత్రమైన కీర్తి. ఆ పేరు వెనుకనున్న జీవితాన్ని ఉపాధ్యాయులూ విద్యార్థులూ తెలుసుకోవటం మంచిది. ఎందుకంటే, నేడు యంత్రాల సాయంతో సాగుతున్న ఒక నూతన చికిత్సకు మొదటి గుర్తు ఆయన వ్రాసిన చిన్న పుస్తకంలోనే కనబడుతుంది.

జేమ్స్ పార్కిన్‌సన్ 1755వ సంవత్సరం ఏప్రిల్ 11వ తేదీన లండనుకు చేరువలోని హాక్స్‌టన్ అనే పేటలో జన్మించాడు. తండ్రి జాన్ పార్కిన్‌సన్ అక్కడనే మందులు నూరి ఇచ్చే వైద్యుడు. శస్త్రచికిత్స కూడా చేసేవాడు. కొడుకు ఆ ఇంటనే, ఆ వృత్తిలోనే పెరిగాడు. 1776లో కొద్ది నెలలపాటు లండన్ హాస్పిటల్‌లో చదివాడు. 1784లో నగర పాలకుల నుండి శస్త్రవైద్యుడుగా అనుమతి పొందాడు. విశ్వవిద్యాలయ పట్టం ఏదీ ఆయనకు లేదు. పుట్టిన పేటలోనే వైద్యం చేసి, ఆ పేటలోనే కన్నుమూశాడు. ఆయన జీవితానికి ఎల్ల ఆ నాలుగు వీధులే. ఐనా ఆ నాలుగు వీధులలో ఆయన చూచినంత, లోకమంతా తిరిగిన వారు కూడా చూడలేదు.

ఇరువది రెండేండ్ల వయస్సులో, 1777లో, ఉరిపోసుకున్న ఒక మనిషిని తిరిగి బ్రతికించినందుకు రాయల్ హ్యూమేన్ సొసైటీ వారు ఆయనకు వెండి పతకమిచ్చారు. 1785లో ఆ కాలపు శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడైన జాన్ హంటర్ ఉపన్యాసాలకు హాజరై, వాటిని సంక్షిప్తలిపిలో వ్రాసుకున్నాడు. ఆ వ్రాతలను ఆయన మరణానంతరం 1833లో కుమారుడు పుస్తకంగా ప్రకటించాడు. విన్నదానిని మరువకుండా వ్రాసుకోవటం, చూచినదానికి పొల్లు చేర్చకుండా చెప్పటం అనే రెండు అలవాట్లూ ఆ వయస్సులోనే ఆయనకు కుదురుకున్నాయి. విద్యార్థులు గమనించవలసిన విషయమిది. తరువాతి కాలంలో ఆయనకు కీర్తి తెచ్చినవి గొప్ప పరికరాలు కావు. ఈ రెండు అలవాట్లే.

పార్కిన్‌సన్ మందుల సీసాల నడుమనే కాలం గడిపినవాడు కాడు. ఫ్రెంచి విప్లవం ఐరోపాను ఊపివేస్తున్న రోజులవి. ఇంగ్లండులో పేదవారికి ఓటు హక్కు లేదు. పన్నుల భారం మాత్రం వారిమీదనే ఉండేది. పార్కిన్‌సన్ ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో కరపత్రాలు వ్రాశాడు. పార్లమెంటు సంస్కరణ కోరే లండన్ కరస్పాండింగ్ సొసైటీలో సభ్యుడై పనిచేశాడు. 1794లో ఆ సంఘంవారిపై ఒక వింత నేరం మోపబడింది. పిల్లలాడుకునే గాలితుపాకి వంటి గొట్టంతో, విషం పూసిన బాణాన్ని మూడవ జార్జి రాజుపై ప్రయోగించబోయారని అభియోగం. పార్కిన్‌సన్ ప్రీవీ కౌన్సిలు ముందు నిలబడి, ప్రధానమంత్రి విలియం పిట్ సమక్షంలో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. తన మాటలే తనకు ఉరిత్రాడు కాకుండా చూచుకొని మరీ ఆయన సమాధానాలిచ్చాడు. ఆ కరపత్రాలు వ్రాసినది తానేనని దాచలేదు. చివరకు ఆ అభియోగం నిలువలేదు. నేరస్థులుగా నిలిచినవారు విడుదల పొందారు. కాని ఒక పేట వైద్యుడు మిత్రులకోసం రాజ్యాధికారానికి ఎదురుగా నిలబడిన ఆ ఘట్టం, ఆయన స్వభావాన్ని మనకు తేటతెల్లం చేస్తున్నది.

ఆ తరువాత ఆయన కలం రాజకీయాల నుండి ప్రజల ఆరోగ్యం వైపు మళ్ళింది. 1799, 1800 సంవత్సరాలలో సామాన్య కుటుంబాలకు వైద్య సలహాల పుస్తకం, పల్లెవాసులకు ఆరోగ్యం బోధించే పుస్తకం, వైద్య విద్యార్థులకు ఒక పుస్తకం, రసాయనశాస్త్ర ప్రవేశిక వరుసగా వెలువడ్డాయి. ప్రమాదకరమైన ఆటలను గురించి పిల్లలకోసం ప్రత్యేకంగా ఒక పుస్తకం వ్రాశాడు. 1805లో కీళ్ళవాపు రోగమైన గౌటును గురించి వ్రాశాడు. ఆ రోగం ఆయనకూ ఉండేది, ఆయన తండ్రికీ ఉండేది. 1811లో పిచ్చాసుపత్రులను గురించి వ్రాశాడు. 1812లో, వైద్యుడైన తన కుమారునితో కలిసి, ప్రేగుకు అంటియున్న ఉండుకం చిల్లిపడటం వలన మరణించిన బాలుని విషయం ప్రకటించాడు. మరణానికి కారణం ఆ చిల్లియేనని గుర్తించిన తొలి ఆంగ్ల రచనలలో అది చేరింది.

ఇవి చాలవన్నట్టు, రాళ్ళలో నిలిచిపోయిన ప్రాచీన ప్రాణుల అవశేషాలను సేకరించటం ఆయనకు మహాప్రీతి. 1804, 1808, 1811 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా ఆయన ప్రకటించిన శిలాజాల గ్రంథం ఇంగ్లండులో ఆ శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటి. 1807 నవంబరు 13న లండనులోని ఒక సత్రంలో పదముగ్గురు కలిసి భూగర్భశాస్త్ర సంఘాన్ని స్థాపించినప్పుడు, వారిలో పార్కిన్‌సన్ ఒకడు. బ్రతికి ఉండగా ఆయనకు వచ్చిన కీర్తి ప్రధానంగా ఈ శాస్త్రం వలననే. విరిగిన గవ్వముక్కను చూచి, ఒకనాటి సముద్రాన్ని ఊహించే కన్ను ఆయనది. ఆ కన్నే తరువాత మనిషి నడకను చదివింది.

1817లో, అరువది రెండేండ్ల ప్రాయంలో, ఆయన అరువదియారు పుటల చిన్న పుస్తకం ఒకటి ప్రచురించాడు. వణుకుతో కూడిన ఒక వాతరోగాన్ని గురించి అందులో వివరించాడు. అందులో ఉన్నది ఆరుగురు మనుషుల కథ. ఆరుగురిలో ముగ్గురు మాత్రమే ఆయన వద్దకు వైద్యానికై వచ్చినవారో, పరిచయమైనవారో. తక్కిన ముగ్గురిలో ఇద్దరిని ఆయన వీధిలో చూచి పలకరించాడు. ఒకరిని దూరంనుంచి చూచాడు. ఆసుపత్రి మంచం మీద గాక వీధిలో పుట్టిన వైద్యగ్రంథమిది.

మొదటివాడు ఏబది దాటిన తోటమాలి. మితంగా, నియమంగా జీవించినవాడు. ఎడమచేతిలో సన్నని వణుకు మొదలైతే, కొన్ని రోజులు ఆ చేతికి పని ఎక్కువైనందువల్ల వచ్చిందనుకున్నాడు. రెండవవాడు న్యాయాధికారి కార్యాలయంలో బంట్రోతుగా పనిచేసి, వృద్ధాప్యంలో అనాథాశ్రమం చేరినవాడు. మునివ్రేళ్ళమీద నడుస్తూ, చేతికర్ర లేకుంటే అడుగడుగునా పడిపోయే స్థితిలో ఉన్నాడు. తన త్రాగుడు వలననే ఈ గతి పట్టిందని అతని నమ్మకం. మూడవవాడు ఒకప్పటి నావికుడు. స్పెయినుదేశపు చెరసాలలో నెలల తరబడి తడినేలపై పరుండటమే కారణమని అతడు చెప్పాడు. నాలుగవవాడు ఏబదియైదేండ్లవాడు, మరొక బాధకు చికిత్స పొంది, ఆ తరువాత కంటికి కనబడకుండా పోయాడు. ఆరవవాడు డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు. అతనికి ఒక రాత్రి కుడివైపు పక్షవాతం వచ్చింది. చచ్చుబడి ఉన్నంతకాలం ఆ చేయీ కాలూ వణకలేదు. బలం తిరిగి రాగానే వణుకూ తిరిగి వచ్చింది. ఈ ఒక్క సంగతిని వదలకుండా వ్రాసిపెట్టటంలోనే ఆ వైద్యుని నిశిత దృష్టి కనబడుతుంది.

ఐదవవానిని వేరుగా చెప్పుకోవాలి. అతనిని పార్కిన్‌సన్ దూరంనుంచి చూచాడే కాని మాటలాడలేదు. అతడు నిలబడితే, పరిచారకుడు ఎదురుగా నిలిచి రెండు భుజాలమీదా రెండు చేతులు ఆనించేవాడు. ఆ ఆసరాతో అతడు మెల్లగా ముందుకూ వెనుకకూ ఊగి ఊగి, ఒళ్ళు తూకానికి వచ్చిందనిపించిన తరువాత సంజ్ఞ చేసేవాడు. వెంటనే పరిచారకుడు ప్రక్కకు తప్పుకొనేవాడు. రోగి పరుగువంటి నడకతో బయలుదేరేవాడు. పరిచారకుడు ముందుగా పరుగెత్తి, ఇరువది అడుగుల దూరంలో అతడు పడబోయే చోట చేతులు చాచి పట్టుకొనేవాడు. ఈ దృశ్యాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. ఆ పరిచారకుని పేరు ఎవరికీ తెలియదు. కాని నడకను తిరిగి నేర్పే విద్యకు మొదటి ఉపాధ్యాయుడు అతడే అనవచ్చు.

ఈ ఆరుగురిని చూచి పార్కిన్‌సన్ గ్రహించిన ముఖ్యాంశం ఏమిటి? వణుకూ, వంగిన నడుమూ, తొందరనడకా వేరువేరు బాధలు కావనీ, అవన్నీ నెమ్మదిగా ముదిరే ఒకే రోగపు ముఖాలనీ గ్రహించాడు. అంతకు పూర్వం వైద్యులు వణుకును ఎరుగుదురు. పరుగునడకను కూడా కొందరు గుర్తించారు. రెండింటినీ ఒక దారాన గ్రుచ్చినవాడు పార్కిన్‌సన్. మన ఆయుర్వేదంలో కంపవాతమనే పేరు ఉన్నది. ఐనా ఒక రోగి వెంట సంవత్సరాల తరబడి నడచి, రోగగమనాన్ని మెట్టు మెట్టుగా వర్ణించిన రచనగా ఈ పుస్తకానికి ఒక ప్రత్యేక స్థానం ఉన్నది.

ఆయన చెప్పినదంతా నిజమని అనరాదు. బుద్ధికి ఏ లోపమూ రాదన్నాడు. కొందరిలో జ్ఞాపకశక్తీ, మనస్సూ కూడా దెబ్బతింటాయని తరువాత తెలిసింది. రోగమూలం వెన్నుపాము పైభాగంలో ఉన్నదని ఊహించాడు. అది మెదడులో ఉన్నదని తరువాతివారు కనుగొన్నారు. మెడవద్ద నెత్తురు తీయమని ఆ కాలపు పద్ధతినే సూచించాడు. కాని మరణించిన రోగి శరీరాన్ని కోసి పరీక్షించే అవకాశం తనకు కలుగలేదని ఆయన దాచలేదు. తనకు తెలిసినది కొంచెమేననీ, తెలిసినవారు ముందుకు వచ్చి ఈ పని పూర్తి చేయాలనీ కోరాడు. తెలియనిది తెలియదని చెప్పటం పండితులకే కష్టం. ఆ మాట చెప్పటంవల్లనే ఆయన పుస్తకం చావక నిలిచింది.

1824 డిసెంబరు 21న పార్కిన్‌సన్ కన్నుమూశాడు. పక్షవాతం వచ్చి, చివరి గడియలలో మాట పడిపోయింది. షోర్‌డిచ్‌లోని సెయింట్ లెనార్డ్స్ చర్చి ఆవరణలో ఆయనను ఖననం చేశారు. పొట్టిమనిషి, చురుకైన ముఖం, మృదువైన మర్యాద గలవాడని ఆయనను ఎరిగిన ఒక శిలాజశాస్త్రజ్ఞుడు వ్రాసిన వర్ణన ఒకటి మిగిలింది. ఆయనదని నిశ్చయంగా చెప్పదగిన చిత్రపటం మాత్రం ఒక్కటీ లేదు. ఇతరుల రూపాలను అంత శ్రద్ధగా చిత్రించినవాని రూపం మనకు దక్కలేదు.

ఆయన పుస్తకం కొన్ని దశాబ్దాలు మరుగున పడి ఉన్నది. పారిస్ నగరంలో సాల్పెట్రియర్ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ మార్టిన్ షార్కో అనే మహావైద్యుడు దానిని వెలికితీశాడు. ఇది నిజమైన పక్షవాతం కాదనీ, రోగులందరికీ వణుకు ఉండదనీ నిరూపించి, పాత పేరు తగదని చెప్పి, పార్కిన్‌సన్ పేరే ఆ రోగానికి పెట్టమన్నాడు. షార్కో వద్దకు వచ్చే రోగులు కొందరు దూరప్రయాణం చేసి రైలు దిగగానే తమకు ఒళ్ళు తేలికైనట్టు చెప్పేవారు. దానిని ఆయన కొట్టివేయలేదు. రైలు కుదుపువలె కుదిపే కుర్చీ ఒకటి చేయించి, 1892లో దానిని గురించి ఉపన్యసించాడు. ఆ కుర్చీ నిలువలేదు కాని, రోగి అనుభవాన్ని నమ్మి యంత్రాన్ని కల్పించే మార్గం అక్కడ తెరుచుకున్నది.

1919లో ట్రెటియాకాఫ్ అనే పరిశోధకుడు, మెదడు నడిమిభాగంలో నల్లగా కనబడే కణాలు ఈ రోగులలో నశించిపోతున్నట్టు చూపాడు. ఆ కణాలు డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. రోగుల మెదడులో దాని లోటును 1960లో హార్నికీవిచ్ వియన్నాలో రుజువు చేశాడు. 1967లో అమెరికాలో కొట్జియాస్ అనే వైద్యుడు, లీవోడోపా అనే మందును నోటిద్వారా పెద్దమోతాదుకు మెల్లగా పెంచుతూ ఇచ్చి, కదలలేనివారిని కదిలించాడు. లీవోడోపా మన చేలగట్లకు క్రొత్త కాదు. మన పిల్లలు ఒంటికి తగిలితే దురదతో గంతులు వేసే దూలగొండి గింజలలో అది ఉన్నది. ఆ గింజలనుండి దానిని వేరుచేసిన సంగతిని 1937లో మద్రాసుకు చెందిన దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అప్పటికి గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉన్నది. ఐతే ఇది చదివి ఎవరూ గింజలు నూరి త్రాగరాదు. ఒక్కొక్క గింజలో మందు ఒక్కొక్క పాలున ఉంటుంది. మోతాదు తప్పితే కీడు జరుగుతుంది.

మందు గొప్పదే. వణుకూ, బిగుసుకుపోవటమూ దానికి చాలావరకు లొంగుతాయి. కాని రోగం ముదిరిన కొద్దీ, నిలకడ తప్పి పడిపోవటం మాత్రం మందుకు అంతగా లొంగదు. మంచాన పడవేసేది చాలామందిని వణుకు కాదు. ఒక్క పాటు, ఒక విరిగిన తుంటి ఎముక. పార్కిన్‌సన్ చూచిన ఐదవ మనిషి సమస్య సరిగా ఇదే.

మనిషి నిలబడటానికి మూడు సాక్ష్యాలు కావాలి. కన్ను చూచి చెప్పేది ఒకటి. లోచెవి తల వంపును పసికట్టి చెప్పేది రెండవది. అరికాలూ, కీళ్ళూ నేలను తాకి చెప్పేది మూడవది. ఆరోగ్యవంతునిలో మెదడు ఈ మూటినీ మనకు తెలియకుండానే కూర్చుకొని అడుగు వేయిస్తుంది. అందుకే మిరపబస్తా నెత్తిన పెట్టుకొని, ప్రక్కవారితో మాటలాడుతూ గట్టుమీద నడువగలుగుతాము. పార్కిన్‌సన్ రోగంలో తెలియకుండా జరిగే ఆ ఏర్పాటే చెడిపోతుంది. అప్పుడు రోగి ప్రతి అడుగునూ తలచుకొని వేయాలి. ఎవరో పిలిచినా, చేతిలో గ్లాసు ఉన్నా, ధ్యాస అటు మళ్ళితే చాలు, అడుగు తప్పుతుంది.

ఇందులో ఒక ఆశ్చర్యం ఉన్నది. చదునైన నేలమీద కదలలేని రోగి, మెట్లు ఎదురైతే ఎక్కగలడు. నేలమీద అడ్డగీతలు గీస్తే, గీతను దాటుతూ నడవగలడు. పర్డన్ మార్టిన్ అనే ఆంగ్ల వైద్యుడు 1967లో ప్రకటించిన గ్రంథంలో ఈ అడ్డగీతల విషయాన్ని వివరించాడు. లోపలి దారి మూసుకుపోతే కన్ను మరొక దారి చూపిస్తుందన్నమాట. ఈ ఒక్క సూత్రం నుండి నేటి క్రొత్త చికిత్స పుట్టింది.

1968లో అమెరికాలో ఐవాన్ సదర్లండ్ అనే శాస్త్రజ్ఞుడు, తలకు తగిలించుకొని చూస్తే కల్పిత దృశ్యం కళ్ళెదుట నిజంలా నిలిచే పరికరం చేశాడు. తల తిప్పితే దృశ్యం కూడా తిరుగుతుంది. దీనినే తరువాత వర్చువల్ రియాలిటీ అన్నారు. 1990ల దశకంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, కళ్ళద్దాలలో గీతలు కనబడేటట్టు చేసి, నేలమీద గీతలు లేకున్నా పార్కిన్‌సన్ రోగులను నడిపించే ప్రయత్నాలు జరిగాయి. క్రమంగా ఆ ఆలోచన నిలకడ నేర్పే అభ్యాసంగా మారింది.

ఆ అభ్యాసం ఇలా ఉంటుంది. రోగి తన క్రింద కదిలే పట్టా మీద నడుస్తాడు. పడకుండా నడుముకు పట్టీ కట్టి ఉంటుంది. ఎదుట తెరమీద దారి కనబడుతుంది. ఆ దారిలో అతని పాదాలే నడుస్తూ కనబడతాయి, ఎందుకంటే కెమెరా అతని పాదాలను కనిపెడుతూ ఉంటుంది. దారికి అడ్డంగా నీటి గుంట వస్తే అడుగు చాచాలి. మెట్టు వస్తే కాలెత్తాలి. దారి రెండుగా చీలితే ఏ వైపు పోవాలో నిర్ణయించుకోవాలి. అంటే కాలితోపాటు ధ్యాసకూ తర్ఫీదు. పొరపడితే తెరమీద నీరు చిందుతుందే కాని ఎముక విరగదు. నిజమైన వీధిలో తప్పు చేసి నేర్చుకొనే స్వాతంత్ర్యం ఆ వృద్ధునికి లేదు, ఇక్కడ ఉన్నది.

దీని ఫలితమెంత? 2016లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఒక పరిశోధన వెలువడింది. ఐదు దేశాలలో, తరచు పడిపోయే 302 మంది వృద్ధులను రెండు బృందాలుగా చేశారు. వారిలో పార్కిన్‌సన్ రోగులు చాలామంది. ఒక బృందం కదిలే పట్టామీద మాత్రమే నడిచింది. రెండవది దానికి తోడు ఈ కల్పిత దృశ్యాన్ని చూస్తూ నడిచింది. వారానికి మూడుసార్లు, ఆరు వారాలు అభ్యాసం. తరువాతి ఆరునెలలలో రెండవ బృందంవారి పాట్లు మనిషికి సుమారు 12 నుండి 6కు తగ్గాయి. మొదటి బృందంలో 10.7 నుండి 8.3కు మాత్రమే తగ్గాయి. జర్మనీలో 2012లో, క్రమంగా తూకం కోల్పోయే అటాక్సియా అనే వ్యాధిగల పదిమంది పిల్లలకు, ఒళ్ళు కదిలిస్తూ ఆడే వీడియో ఆటలతో ఎనిమిది వారాలు అభ్యాసం చేయిస్తే నిలకడ మెరుగైంది.

ఐతే పార్కిన్‌సన్ జీవితాన్ని చెప్పుకుంటూ అతిశయోక్తి చేయరాదు. 2016లోనే కాక్రేన్ సంస్థవారు 8 పరిశోధనలను, 263 మంది రోగుల ఫలితాలను కలిపి తూచారు. ఈ పద్ధతివల్ల అడుగు కొంత సాగవచ్చుననీ, నిలకడ విషయంలో మాత్రం మామూలు వ్యాయామ చికిత్సతో దాదాపు సమానమేననీ, సాక్ష్యం ఇంకా బలపడాలనీ తేల్చారు. ఈ అభ్యాసం నశించిన కణాలను తిరిగి తేదు. కళ్ళకు పరికరం తగిలించుకుంటే కొందరికి తల తిరిగి, వాంతి వచ్చినట్టుంటుంది. ఒంటరిగా చేయవలసిన పని కాదు. ప్రక్కన చేయి చాచి నిలబడే మనిషి ఉండి తీరాలి. చూడగా చూడగా, ఎంత యంత్రం వచ్చినా, ఆ పేరులేని పరిచారకుడు మనకు ఇంకా అవసరమే.

అటువంటి పరికరం ప్రతి పల్లెకూ రాదు. గీత మాత్రం ప్రతి వాకిటికీ వస్తుంది. ముగ్గు వేసే చేతులున్న ఇంట, గది గుమ్మం నుండి పెరటి దాకా అడుగు దూరంలో ఒకటి చొప్పున సుద్దతో అడ్డగీతలు గీయటం ఎంత పని? ఫిజియోథెరపీ వైద్యుని సలహాతో, ప్రక్కన ఒకరు నిలబడి, లెక్క పెడుతూ ఆ గీతలమీద నడిపించవచ్చు. నడిచేటప్పుడు వెనుకనుంచి పిలువకుండా ఉండటం, గుమ్మంవద్ద చాపలూ బుట్టలూ తీసివేయటం, రాత్రిపూట దీపం ఉంచటం ఖర్చు లేని పనులు. అన్నిటికంటే ముందు, అది ముసలితనమో రోగమో తేల్చుకోవటానికి నరాల వైద్యునికి చూపించటం అవసరం. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉన్నది.

మన సీమకు మరొక కారణంచేత కూడా ఈ విషయం దగ్గరది. పత్తికీ, మిరపకూ మనం కొట్టినన్ని పురుగుమందులు తక్కిన పైర్లలో చాలావాటికి కొట్టము. కొన్ని పురుగుమందులకూ కలుపుమందులకూ ఈ రోగానికీ సంబంధమున్నట్టు అనేక పరిశోధనలు సూచించాయి. 2012లో ఫ్రాన్సు ప్రభుత్వం, అటువంటి మందులతో పనిచేసిన రైతులకు వచ్చే పార్కిన్‌సన్ వ్యాధిని వృత్తిరోగంగా గుర్తించింది. మందు కొట్టిన ప్రతివానికీ రోగం రాదు. రోగం వచ్చిన ప్రతివాడూ మందు కొట్టినవాడు కాడు. ఐనా ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు లేకుండా, గాలికి ఎదురుగా నిలిచి మందు కొట్టే అలవాటును మానిపించటానికి ఆ మాట చాలు. తోటమాలి తన చేతిపనిని, నావికుడు తడినేలను కారణంగా చెప్పినప్పుడు పార్కిన్‌సన్ వారిని నవ్వులపాలు చేయలేదు. నమ్మి ఊరుకోనూ లేదు. వ్రాసుకున్నాడు. మనం కూడా అటువంటి జాగ్రత్తతోనే ఈ ప్రశ్నను చూడాలి.

ఆయన పుట్టిన ఏప్రిల్ 11వ తేదీని నేడు లోకమంతటా పార్కిన్‌సన్ దినంగా పాటిస్తున్నారు. మన పల్లెల్లో ఆ నాటికి కల్లాలు దాదాపు ఖాళీ అవుతాయి. బడులలో సంవత్సరపు చదువు ముగింపుకు వస్తుంది. విద్యార్థులు సెలవులకు తాతగారి ఊరు పోయే రోజులవి. అప్పుడు ఎవరైనా ఒక బాలుడో, బాలికో అరుగుమీది పెద్దాయన లేచి నడవటాన్ని కాస్త నిలిచి చూస్తే, మొదటి అడుగు పడటానికి ఎంతసేపు పట్టిందో, ఏ చేయి ఊగటం లేదో, ఎక్కడ ఆగిపోయాడో గమనించి ఇంటి పెద్దలకు చెబితే, ఆయన వైద్యుని వద్దకు సకాలంలో చేరుతాడు. పట్టమూ, పరికరమూ లేకుండా హాక్స్‌టన్ వైద్యుడు చేసిన పని కూడా అంతే. ఆయన ఆగి చూచాడు. దగ్గరకు వెళ్ళి అడిగాడు.